గని ఒకచోట, రేవు ఒకచోట

కల్పిత నగరాన్ని సృష్టించదలచిన రచయిత ఎవరైనా మొదట మూడు ప్రశ్నలకు జవాబు వెతుక్కోవాలి. కొండల నడుమ ఒక గనుల పట్టణాన్ని అతడు ఊహించాడనుకుందాం. అక్కడ రాళ్లు మాట్లాడవచ్చు. పాతాళంలో నాగులు లోహానికి కాపలా కాయవచ్చు. కాశీమజిలీ కథలు విన్న జనానికి అవేమీ అభ్యంతరం కాదు. కాని ఆ ఊరు ఎలా పుట్టింది, దాన్ని ఎవరు పాలిస్తున్నారు, అక్కడి మనుషులు ఏం తిని బతుకుతున్నారు అన్న వాటికి పొసగే జవాబులు లేకపోతే ఆ కల్పన నిలబడదు. నాగుల్ని నమ్మిన పాఠకుడే, గని కూలీ ఇంటికి బియ్యం ఎక్కణ్ణించి వస్తున్నాయో తెలియకపోతే కథను పక్కన పెట్టేస్తాడు.

ఈ మూడు ప్రశ్నల్నీ నిజమైన నగరాన్ని అడిగి చూద్దాం. విశాఖపట్నాన్ని రేవు పట్టణమంటారు, ఉక్కు నగరమంటారు. గనుల పట్టణమని మాత్రం ఎవరూ అనరు. ఊళ్లో గని లేదు గనక ఆ పేరు ఎవరికీ తట్టదు. కాని గత నూట ముప్పై యేళ్లలో ఈ ఊరి ఎదుగుదలకు కారణమైన పెద్ద మలుపులు చాలావరకు ఎక్కడో కొండల్లో తవ్విన ఖనిజంతో ముడిపడి వున్నాయి. విశాఖ నిజానికి గనుల పట్టణమే. కాకపోతే దాని గనులు దూరాన వున్నాయి, ఆ గనుల మీద ఈ ఊరికి మాట లేదు. అక్కడ తవ్వేవాళ్లకూ మాట లేదు. ఈ రెండు లేమిలూ ఒకే చరిత్ర నుంచి పుట్టాయి. వాటిని విడివిడిగా చూసినంత కాలం నేటి ఉక్కు కార్మికుల పోరాటం కూడా మనకు సగమే అర్థమవుతుంది.

చరిత్రతో మొదలుపెడదాం. భారతదేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది. మొదలైన చోటు అప్పటి విశాఖపట్నం జిల్లాలోని విజయనగరం సంస్థానం. కోడూరు, గర్భాం వంటి ఊళ్ల దగ్గర నల్లరాయిని వెలికి తీసి రేవుకు చేర్చి విదేశాలకు పంపేవారు. ఉక్కు తయారీలో మాంగనీసు లేకుండా పని జరగదు. గంధకం, ప్రాణవాయువు మిగిలిపోయి ఉక్కు పెళుసు బారకుండా చూసేది అదే, ఉక్కుకు గట్టిదనం యిచ్చేదీ అదే. బ్రిటన్ ఉక్కు కొలుములకు ఆ నల్లరాయి కావాలి. మన పల్లెల్లో వర్షం మీద ఆధారపడ్డ చిన్న రైతుకూ, భూమి లేని కూలీకీ రోజు కూలి కావాలి. వాళ్లిద్దరి మధ్యా కంపెనీ నిలబడింది.

సాహిత్య విద్యార్థులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. 1892 అన్న సంవత్సరం మనకు మరో కారణంగా పరిచితం. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ మొదటిసారి రంగస్థలం మీదికి వచ్చింది ఆ యేడాదే, ఆ విజయనగరంలోనే. మరో కాకతాళీయం కూడా వుంది. నాటకాన్ని గురజాడ సమూలంగా తిరగరాసి రెండో కూర్పుగా ప్రకటించింది 1909లో. భారతదేశపు మాంగనీసు నిక్షేపాల మీద భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మర్ రాసిన బృహద్గ్రంథం వెలువడిందీ 1909లోనే. ఒక గ్రంథం ఆ సంస్థానపు అగ్రహారాల్నీ, కోర్టుల్నీ, సానివాడల్నీ నిలువునా చీల్చి చూపింది. రెండో గ్రంథం ఆ నేల కింద ఏముందో చూపింది. కోడూరు పేరు మీద ఫెర్మర్ ఒక రకం శిలకు ‘కోడురైట్’ అని నామకరణం చేశాడు. అలా ఒక తెలుగు పల్లె పేరు ప్రపంచ భూగర్భ శాస్త్రంలోకి ఎక్కింది. ఆ రాయిని పగలగొట్టిన కూలీ మాత్రం అందులోకీ ఎక్కలేదు, ఇందులోకీ ఎక్కలేదు.

గురజాడను తప్పు పట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఏ రచయితైనా తన కాలంలోని అన్ని గాయాల్నీ ముట్టుకోలేడు. ఆయన ముట్టుకున్న గాయం చిన్నదేమీ కాదు. గమనించవలసింది వేరే వుంది. ఒకే సంస్థానం కింద, ఒకే సంవత్సరంలో రెండు ఆధునికతలు అడుగు పెట్టాయి. ఒకటి భాషలోకి, సంఘ సంస్కారంలోకి వచ్చింది. రెండోది నేల అడుగుకు వెళ్లింది. మొదటిదాన్ని మనం ఆధునిక తెలుగు సాహిత్య చరిత్రగా చదువుకున్నాం. రెండోదాన్ని చదవలేదు. జమీందారీ వ్యవస్థను మన విమర్శ భూమి శిస్తుతోనే కొలిచింది. కంపెనీకి కౌలు యిచ్చి నేల అడుగు నుంచి కూడా ఆదాయం పొందిన జమీందారు మన విమర్శలో కనిపించడు.

ఖనిజం ఎగుమతికి దారి కావాలి. తూర్పు తీరపు రైలు మార్గం 1890లలో ఈ ప్రాంతం గుండా పడింది. గరివిడి, చీపురుపల్లి రైలు స్టేషన్లయ్యాయి. కాని విశాఖలో అప్పటికి నిజమైన రేవు లేదు. ఓడలు లోతు నీళ్లలో లంగరు వేసుకుంటే పడవల మీద సరుకు మోసుకుపోయి ఎక్కించేవారు. భీమునిపట్నంలోనూ అదే పరిస్థితి. ఆ తీరం నుంచే బతుకు తెరువు వెతుక్కుంటూ వేలాది ఉత్తరాంధ్ర కూలీలు రంగూన్ ఓడ లెక్కేవారు. రాయీ, మనిషీ ఒకే తీరాన్నుంచి ఎగుమతి కావడం వలస పాలన కింద బతికిన జిల్లాకు వింతేమీ కాదు.

రేవు నిర్మాణానికి ప్రేరణ కూడా గనుల నుంచే వచ్చింది. మధ్య పరగణాల్లోని మాంగనీసుకు సముద్రం దగ్గర కావాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఆధ్వర్యంలో విశాఖ రేవు తయారైంది. చిత్తడి నేలను తవ్వి, డాల్ఫిన్స్ నోస్ కొండ అండన రెండు పాత ఓడల్ని ముంచి అలలకు అడ్డం పెట్టారు. రాయపూర్–విజయనగరం రైలు మార్గం 1931లో పూర్తయింది. 1933 అక్టోబర్ 7న ‘జలదుర్గ’ అనే ఓడ రేవులో అడుగు పెట్టింది. ఆ డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. అంటే కొండల మాంగనీసు, రైలు కంపెనీ లాభం, సామ్రాజ్యం అవసరం అనే మూడూ కలిసి ఈ రేవు నక్షాను గీశాయి. ఊరి జనం అవసరం ఆ నక్షాలో లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక యజమానులు మారారు, దారి మాత్రం మారలేదు. ఇప్పుడు మాంగనీసు స్థానంలో బైలదిల్లా ఇనుప ఖనిజం వచ్చింది. బస్తరు అడవుల్లోని ఆ కొండల వరస ఎద్దు మూపురంలా వుంటుందని దానికా పేరు. అక్కడి ఖనిజంలో ఇనుము పాలు ప్రపంచంలోని మేలైన నిక్షేపాలకు తీసిపోదు. 1960లో జపాన్ ఉక్కు మిల్లులతో ఒప్పందం కుదిరింది. జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ గనులు తెరిచింది. తూర్పు కనుమల్ని దొలిచి, యాభైకి పైగా సొరంగాలతో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గాన్ని 1960ల చివరికి పూర్తి చేశారు. విశాఖలో ఖనిజాన్ని యంత్రాలతో ఓడకెత్తే ఏర్పాటు జరిగింది. పెద్ద ఓడలు రావడానికి 1976 నాటికి బయటి రేవు సిద్ధమైంది. నేడు అరకు అందాలు చూడబోయే యాత్రికుడు కిటికీ పక్కన కూర్చుని లెక్కపెట్టే సొరంగాలు ఖనిజం కోసం తవ్వినవి. యాత్రికుల రైలు ఆ దారిలో చుట్టం మాత్రమే.

ఆ రైలుకు అవతలి కొసన ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. బైలదిల్లాలో మొదట్లో చాలా తవ్వకం కాంట్రాక్టు కూలీల చేతుల మీద నడిచింది. గనులు యంత్రాల పాలయ్యేసరికి వేలాది కూలీలను వద్దన్నారు. ఉపాధి కోసం వాళ్లు సాగించిన ఆందోళన మీద 1978 ఏప్రిల్ 5న కిరండూల్లో పోలీసులు కాల్పులు జరిపారు. కూలీలు చనిపోయారు, వాళ్ల గుడిసెలు తగలబడ్డాయి. విశాఖ రేవులో ఓడలు ఆగలేదు.

ఇవతలి కొసన అంతకు పన్నెండేళ్ల ముందే కాల్పులు జరిగాయి. అయిదో ఉక్కు కర్మాగారానికి విశాఖ అనువైన చోటని 1965లో ఆంగ్లో అమెరికన్ నిపుణుల బృందం సిఫారసు చేసింది. కేంద్రం వెనుకాడింది. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం రాష్ట్రమంతా మార్మోగింది. తెన్నేటి విశ్వనాథం వంటి పెద్దలు ముందు నడిచారు. టి. అమృతరావు నిరాహార దీక్ష పూనారు. 1966 నవంబర్ 1న, రాష్ట్రావతరణ దినం నాడే, విశాఖలో పోలీసు తుపాకులు పేలాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రవ్యాప్తంగా ముప్పై రెండు మంది ప్రాణాలర్పించారు. వామపక్ష శాసనసభ్యులు పదవులు వదులుకున్నారు. 1970 ఏప్రిల్లో ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించి, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. మొదటి కొలిమి రగలడానికి 1990 దాకా ఆగవలసి వచ్చింది. 1992 ఆగస్టు 1న దాన్ని జాతికి అంకితం చేశారు.

ఆ నినాదాన్ని ఇవాళ విమర్శకుడి కంటితో చదవాలి. అది అడిగింది కర్మాగారాన్ని. గనిని అది అడగలేదు. అప్పటి పరిస్థితిలో అడగవలసిన అవసరం కూడా ఎవరికీ తోచలేదు. కర్మాగారం ప్రభుత్వానిది, గని ప్రభుత్వానిది, రైలు ప్రభుత్వానిది. ఒకే ఇంట్లో ఒక గదిలో వున్న బియ్యం ఇంకో గదిలోని పొయ్యికి చేరకుండా ఎందుకు పోతాయి? కాని కొలిమి రగిలే నాటికే దేశ ఆర్థిక విధానం మలుపు తిరుగుతోంది. 1991 తరువాత ఆ ఇంట్లో గదులకు గోడలు లేచాయి, ఒక గది నుంచి మరో గదికి సరుకు బజారు ధరకు అమ్మడం మొదలైంది.

ఇక రెండో ప్రశ్న, పాలన. గనుల వైపు చూస్తే, నేల అడుగు మొదట జమీందారుది. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత అది ప్రభుత్వానిదైంది. చీపురుపల్లి ప్రాంతం విశాఖపట్నం జిల్లా నుంచి 1950లో శ్రీకాకుళం జిల్లాకు, 1979లో కొత్తగా ఏర్పడ్డ విజయనగరం జిల్లాకు మారింది. కలెక్టరు కచేరీ మూడు ఊళ్లు తిరిగింది. గరివిడి పక్కన ప్రైవేటు ఫెర్రో మిశ్రమ లోహాల కర్మాగారం, దానితో శ్రీరాంనగర్ అనే కంపెనీ కాలనీ వెలిశాయి. ఎన్ని కచేరీలు మారినా గని ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో చెప్పే అధికారం ఆ పల్లెల పంచాయతీకి ఏనాడూ రాలేదు.

పట్నం వైపు చూసినా అంతే. రేవు మొదట రైలు కంపెనీ చేతిలో వుండేది, 1964లో పోర్టు ట్రస్టు చేతికి వెళ్లింది. నౌకా నిర్మాణ కేంద్రం, చమురు శుద్ధి కర్మాగారం, నావికా దళం, ఉక్కు కర్మాగారం అన్నీ ఢిల్లీ మాట వినేవే. 1979లో నగరపాలక సంస్థ అయిన పురపాలక సంఘానికి మిగిలింది వీధి దీపాలూ, మురుగు కాలువలూ, పాత ఊరి మేడల మీద పడే ఖనిజపు ధూళి మీద ఫిర్యాదులూ. కథల్లోని గనుల పట్టణంలో దొర మేడ కొండ మీద కనిపిస్తుంది గనక కోపం ఎటు చూపాలో జనానికి తెలుస్తుంది. విశాఖలో ఆ మేడ కంటికి ఆనదు.

ఉక్కు కర్మాగారం కోసం అరవైకి పైగా పల్లెలు భూములిచ్చాయి. అందుకు బదులుగా ఇంటికొక ఉద్యోగమన్న ఆశతో ‘ఆర్ కార్డు’ అనే చీటీ వాళ్ల చేతికి వచ్చింది. ఉక్కునగరంలో సెక్టార్లు, చెట్ల నీడలు, బడులు, ఆసుపత్రి వచ్చాయి. గోడ ఇవతలి కాలనీల్లో ఆ చీటీని తండ్రి నుంచి కొడుకు వారసత్వంగా అందుకున్న కుటుంబాలు నేటికీ వున్నాయి. శాశ్వత కార్మికుడు, కాంట్రాక్టు కార్మికుడు, నిర్వాసితుడు అన్న మూడు మెట్ల మీద ఒకే శ్రమ మూడు ధరలు పలికింది. కార్మికోద్యమం ఈ మెట్లను కూల్చడానికి చేసిన ప్రయత్నం వుంది, వాటితో రాజీ పడిన సందర్భాలూ వున్నాయి. రెండింటినీ నిజాయితీగా చెప్పడం మన బాధ్యత.

పాలన ప్రశ్నకు వేరే జవాబు కూడా సాధ్యమని చూపిన ఘట్టం ఒకటుంది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ప్రైవేటు గనుల కౌళ్లను సమత అనే స్వచ్ఛంద సంస్థ సవాలు చేసింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం ఆదివాసేతర ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం కౌలుకివ్వరాదని 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గని మీద మొదటి మాట కొండ మీద బతికేవాడిదన్న సూత్రానికి అంత దగ్గరగా మన చట్టం వచ్చిన సందర్భాలు అరుదు. తరువాత 2015లో చింతపల్లి అడవుల్లో బాక్సైటు తవ్వకానికి అనుమతిస్తూ 97వ నంబరు జీవో వచ్చింది. గిరిజనుల ప్రతిఘటనతో అది ముందుకు సాగలేదు, 2019లో రద్దయింది.

మూడో ప్రశ్న ఆర్థికం. సొంత గని వున్న కర్మాగారానికి ఖనిజం ఖరీదు తవ్వకపు ఖర్చూ, ప్రభుత్వానికి చెల్లించే రాయల్టీ వగైరా మాత్రమే. గని లేని కర్మాగారం గని యజమాని లాభాన్ని కూడా చెల్లించాలి. ఖనిజం ధర పెరిగినప్పుడల్లా ఒకరి లాభం మరొకరి నష్టమవుతుంది. విశాఖ ఉక్కుకు సొంతానికి దక్కిన గనుల జాబితా చూడండి: జగ్గయ్యపేట సున్నపురాయి, మాధారం డోలమైటు, గర్భాం మాంగనీసు. ఇనుప ఖనిజపు గని అందులో లేదు. 1892 ప్రాంతంలో బ్రిటన్ కొలుముల కోసం తెరిచిన గర్భాం నిక్షేపం నూరేళ్లు తిరిగి తెలుగు నేల మీది కొలిమికే చేరింది. చరిత్ర అప్పుడప్పుడూ ఇలాంటి న్యాయాలు చేస్తుంది. కాని మాంగనీసు ఉక్కుకు ఉప్పు వంటిది. అన్నం బైలదిల్లా నుంచి డబ్బిచ్చి కొనుక్కోవాలి. వంట చెరుకైన కోకింగ్ బొగ్గు ఎక్కువగా ఆస్ట్రేలియా వంటి దేశాల నుంచి ఓడల్లో రావాలి.

ఈలోగా బైలదిల్లా ఖనిజానికి రైలుతో పాటు ఇంకో దారి కూడా ఏర్పడింది. కిరండూల్ నుంచి విశాఖ దాకా 267 కిలోమీటర్ల గొట్టపు మార్గం వేసి ఖనిజాన్ని నీటితో కలిపి ప్రైవేటు గుళికల కర్మాగారానికి పారిస్తున్నారు. గనుల యజమాని అయిన ఖనిజాభివృద్ధి సంస్థ తానే నగర్నార్‌లో ఉక్కు కర్మాగారం కట్టింది. దాన్ని 2023 అక్టోబరులో ప్రధాని జాతికి అంకితం చేశారు. బస్తరు ఖనిజం బస్తరులోనే ఉక్కు కావడం న్యాయమే. ఆ న్యాయం అక్కడి ఆదివాసికి అందిందా అన్నది అడగవలసిన ప్రశ్న. విశాఖకు మాత్రం అది ఒక పాఠం. గనికి దూరంగా కట్టిన పొయ్యి గని యజమాని దయ మీద ఎంత కాలం రగులుతుంది?

2021 జనవరి 27న విశాఖ ఉక్కులో నూరు శాతం వాటాల అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. నష్టాలు చూపి కర్మాగారాన్ని అమ్మజూపేవాళ్లు ఆ నష్టాల వెనుక గని లేమి వుందన్న సంగతి చెప్పరు. కార్మికులు ఏళ్ల తరబడి దీక్షా శిబిరం నడిపారు. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ వచ్చింది. అది పోరాట ఫలితమే. కాని ఆ డబ్బు పాత బాకీలకూ తక్షణ అవసరాలకూ ఊపిరి పోస్తుందే తప్ప ఇనుప గనిని తెచ్చిపెట్టదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. జపాన్‌కు చెప్పుకోదగ్గ ఇనుప గనులు లేవు, అయినా అది ఉక్కు సామ్రాజ్యం కట్టలేదా? కట్టింది. ఎలా కట్టింది? గనులు తెరవకముందే బైలదిల్లా ఖనిజానికి దీర్ఘకాలపు ఒప్పందం రాయించుకుని కట్టింది. అంటే జపాన్‌కు గని లేకపోయినా గని మీద మాట వుంది. విశాఖ కళ్ల ముందు నుంచి ఆ ఖనిజం దశాబ్దాల పాటు ఓడలెక్కి వెళ్లింది. సముద్రం అవతలి కొలిమికి దక్కిన మాట గట్టున వున్న కొలిమికి దక్కలేదు. గని పక్కన వుండడం కంటే గని మీద మాట వుండడమే ముఖ్యమని దీని వల్ల తెలుస్తుంది. ఆ మాట ఎవరికి వుండాలి? తవ్వే కూలీకీ, కొండ కింది ఆదివాసికీ, కరిగించే కార్మికుడికీ వుండాలి. ‘ఉక్కు మా హక్కు’ అన్న నినాదానికి బైలదిల్లా కూలీ హక్కు కూడా తోడు కానంత వరకు అది సగం నినాదమే.

చివరగా మన రంగానికి వద్దాం. శ్రీశ్రీ పుట్టిన ఊరు విశాఖ. ఆయన షష్టిపూర్తి సభ జరిగిన 1970లో, రచయితలు ఎటువైపు నిలుస్తారని విశాఖ విద్యార్థులు కరపత్రం వేసి నిలదీసిందీ ఈ ఊళ్లోనే. రావిశాస్త్రి ఈ ఊరి కోర్టుల్నీ, సారా దుకాణాల్నీ, పోలీసు స్టేషన్లనీ తెలుగు కథలో శాశ్వతం చేశారు. అటు సింగరేణి బొగ్గుబావుల కార్మికుడు అల్లం రాజయ్య వంటి రచయితల ద్వారా కథల్లోకి నడిచి వచ్చాడు. అక్కడ గనీ, ఊరూ, యూనియనూ ఒకేచోట వుండడం రచయితకు కలిసొచ్చింది. విశాఖ రచయితకు ఆ సౌకర్యం లేదు. అతని కథ మొదటి అధ్యాయం కిరండూల్లో, రెండో అధ్యాయం అరకు సొరంగాల్లో, మూడోది రేవులో, నాలుగోది పెదగంట్యాడ నిర్వాసితుల కాలనీలో వుంది. గర్భాం మాంగనీసు కూలీ కథ ఇంకా వెనక, 1892లో మొదలవుతుంది.

ఇంత దూరాలు పరుచుకున్న బతుకును ఒక కథలో పట్టడం కష్టమే. కాని పెట్టుబడి దాన్ని ఒకే లెక్కల పుస్తకంలో పట్టింది. ఆ కూలీని ఆ లెక్కలోంచి తీసి కథలోకి తీసుకురాగల రచయిత కోసం ఉత్తరాంధ్ర ఎదురు చూస్తోంది. అందుకు కావలసిన ముడిసరుకు గ్రంథాలయాల్లో కొంత వుంది, గరివిడి నుంచి కిరండూల్ దాకా రైలు పట్టాల పక్కన బతుకుతున్న వృద్ధుల జ్ఞాపకాల్లో ఇంకా ఎక్కువ వుంది. వాళ్లు వెళ్లిపోకముందే మన యువ రచయితలు నోటు పుస్తకంతో వాళ్ల గుమ్మాలెక్కాలి.